దానమ్మ కూర్చున్న మెట్టు

1959 ఎండాకాలం. మార్కాపురం అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉంది. రాష్ట్రం కొత్తది, నేనూ నా పనికి కొత్తదాన్నే. నర్సు శిక్షణ ముగించుకొని, ఊరి పొలిమేరలో ఉన్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో చేరాను. మాది గిద్దలూరు. నాయన రైల్వేలో పట్టాల పని చేసేవాడు. తెల్లచీర కట్టుకొని సెలవుకు ఇంటికి పోతే మా వీధి ఆడవాళ్లు "అదిగో సూదులమ్మ వచ్చింది, ఏడుపు ఆపుతావా లేదా" అని పిల్లల్ని బెదిరించేవాళ్లు. ఆ పేరు నాకు లోలోపల నచ్చేది కూడా.

నర్సు పని గురించి అడిగేవాళ్లు కాన్పుల కథలో పాముకాట్ల కథలో చెబుతానని ఆశపడతారు. అవి బోలెడున్నాయి. కానీ ఇన్నేళ్ల సర్వీసులో నా మనసులో ముందు మెదిలేది ఒక పురుగు కథ. భోజనానికి కూర్చోబోయేవాళ్లు దీన్ని పక్కన పెట్టి, తిన్నాక చదవండి. తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

నారికురుపు అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. తెలియకపోవడమే మేలు. మా పడమటి తాలూకాల్లో బోర్లు రాకముందు తాగునీటికి దిగుడుబావులే దిక్కు. మెట్లు దిగి, నీళ్లలో కాళ్లు పెట్టి కడవ ముంచుకోవాలి. ఆ నీళ్లలో కంటికి ఆనీ ఆనని నలుసంత నీటిపురుగు ఉంటుంది. మా డాక్టరమ్మ దాన్ని సైక్లాప్స్ అనేవారు. దాని కడుపులో నారిపురుగు పిల్లలుంటాయి. నీళ్లతోపాటు అవి మన లోపలికి పోతాయి. ఏడాదిపాటు ఏ సంగతీ తెలియదు. మళ్లీ ఎండలు ముదిరే వేళకు కాలి మీద బొబ్బ లేస్తుంది, పగులుతుంది, అందులోంచి తెల్లటి దారపుపోగులాంటిది కొస బయట పెడుతుంది. లోపల ఉన్నది మూర పొడవు దాటిన పురుగు.

దాని మంట మామూలు మంట కాదు. ఓర్చుకోలేక మనిషి పోయి బావినీళ్లలో కాలు పెడతాడు. ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. పురుగుకు కావలసిందీ అదే. నీళ్లు తగలగానే లెక్కలేనన్ని పిల్లల్ని ఆ నీళ్లలోకి వదులుతుంది. అంటే ఈ ఏడు బావిలో పెట్టిన ఒక్క కాలు, వచ్చే ఏడు పల్లె అందరి కాళ్లలో తేలుతుంది. మావాళ్లేమో దీన్ని తిరగేసి నమ్మేవాళ్లు: కాలు బావిలో నానబెడితే పురుగు మెత్తబడి తొందరగా బయటికొస్తుందని. తరతరాలుగా అదే వైద్యం.

ఆసుపత్రిలో మా దగ్గరా దీనికి సూదీ లేదు, మాత్రా లేదు. బయటికొచ్చిన కొసను ఫోర్సెప్స్‌తో, అంటే మా చిన్న పట్టకారుతో పట్టుకొని, తడిపిన పలచటి గాజ్ గుడ్డ చుట్టిన అగ్గిపుల్లకు మెల్లగా చుట్టాలి. ఎంత వదులుగా వస్తే అంత. లోపల బిగబట్టిందా, అక్కడితో ఆపి, పుల్లను కాలికే కట్టి, డ్రెస్సింగు వేసి రేపటిదాకా ఊరుకోవాలి. రోజుకొక చుట్టు, దయ తలిస్తే రెండు. ఇట్లా వారాల తరబడి. మధ్యలో విసుగుపుట్టి లాగితే పటుక్కున తెగుతుంది. తెగిన ముక్క లోపల కుళ్లి సెప్టిక్ అవుతుంది, చీము పడుతుంది, కీలు బిగుసుకుపోయి కాలు కర్రలా తయారవుతుంది. ఆ రోజుల్లో మా సంతల్లో కనిపించే కుంటివాళ్లలో చాలామంది పుట్టుకుంటివాళ్లు కాదు, అట్లా లాగినవాళ్లే.

దానమ్మ మా దగ్గరికి వచ్చింది కూతురు కమల భుజం పట్టుకొని. నలభై దాటిన మనిషి, భర్త లేడు. బడిపిల్లల పలకలు చేసే రాయి తీసే గనిలో కూలి. లోతుగా తవ్విన గుంటలోంచి రాతిబిళ్లలు తలమీద పెట్టుకొని పైకి మోసుకురావడం ఆమె పని. ఎడమకాలు చీలమండ దగ్గర అప్పటికే బిగుసుకుపోయి ఉంది. ఇప్పుడు కుడికాలికి లేచింది.

"లాగెయ్ నర్సమ్మా," అన్నది బల్ల మీద కూర్చోకముందే. "పన్ను పీకినట్టు పీకెయ్. ఒక్క కేక పెడతా, నీ ఆసుపత్రి అదిరిపోవాల, అంతటితో అయిపోవాల."

"పోయినేడు ఎడమకాలిది ఎవరు పీకినారు?" అన్నాను. ఆవిడ యాస వింటే నాదీ ఇంటి యాసలోకి జారుకుంటుంది.

"ఇంకెవరు, నేనే. పొయ్యి కాడ కూర్చోని పీకి పొయ్యిలోనే ఏసినా. సగం లోపలే ఉండిపోయిందని నాకేం తెలుసు?"

"మా అమ్మకు అన్నం ఉడికేదాకా కూడా ఓపిక ఉండదు సిస్టరమ్మా," అన్నది కమల.

"నువ్వు నోరు ముయ్యే. ఆ ఉడకని అన్నమే తిని ఇంత పొడుగు పెరిగినావు."

నాకు నవ్వొచ్చింది. డాక్టరమ్మకు రాలేదు. ఆవిడ కాలు అటూ ఇటూ తిప్పి చూసి, "దానమ్మా, ఇది కూడా తెగిందంటే రెండు కాళ్లూ కర్రలవుతాయి. గనిలోకి దిగలేవు, ప్రార్థన మందిరానికి నడవలేవు. ఇంక డేకడమే" అన్నారు.

దానమ్మ తన ఎడమకాలి చీలమండను చేత్తో తడిమింది. "మా అత్త డేకింది. చచ్చేదాకా వాకిట్లో డేకుతానే ఉన్నింది. నేనే ఎత్తి మోసినా. ఈ పిల్ల నన్ను మోయాలనా?" అని కమల వైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేదు.

"ఎన్ని దినాలు పడతాది?"

"చెప్పలేం. లోపల ఎంత పొడుగుందో దానికే తెలుసు."

"అయితే దాంతోనే మాట్లాడుకుంటాలే. ఇయ్యి పుల్ల."

ఆసుపత్రిలో ఉండమంటే ఒప్పుకోలేదు. కమల గనికి పోవాలి, ఇంట్లో మేక ఉంది, ఇంకా ఏవేవో చెప్పింది. సరే, వారానికి రెండుసార్లు నేను జట్కాలో ఊరి బయట వాళ్లుండే పాలేనికి పోయేదాన్ని కాబట్టి ఆ రోజుల్లో నేను చుట్టాలి, మిగతా రోజుల్లో తనే చుట్టుకోవాలి అని తేల్చాం. చేతులు సబ్బుతో కడుక్కోవడం, గుడ్డ మరిగించడం, ఎక్కడ ఆపాలో వేలికి ఎట్లా తెలుస్తుందో అన్నీ చూపించాను. చివరికి అసలు మాట చెప్పాను: కాలు బావిలో పెట్టకూడదు, ఎందుకు పెట్టకూడదో కూడా.

"మరి మంట?"

"బావికి దూరంగా కూర్చోని చెంబుతో పోసుకో అక్కా."

"ఎండాకాలం మా బావిలో చెంబుడు నీళ్లంటే ఏమనుకుంటాండావు? ఊట ఊరేదాకా ఆడోళ్లు కడవలు పెట్టుకోని పొద్దెక్కేదాకా కాచుకోనుంటారు. ఊళ్లో బావికి మమ్మల్ని రానియ్యరు. ఉండేది అదొక్కటే."

"తడిగుడ్డ ఏసుకో మరి."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీ కాలు కాదు గదా," అన్నది. కోపంగా కాదు, ఉన్నమాట అన్నట్టుగా.

ఆమె పోయాక డాక్టరమ్మ, "ఆ మనిషి చేతికి పుల్ల ఇచ్చి పంపావు. రెండుమూడు రోజుల్లో లాగేస్తుంది చూడు" అన్నారు. నాకూ అదే అనుమానం.

ఆ తర్వాత పాలేనికి పోయినప్పుడు ట్రేలో కత్తెర, చీము పిండే సరంజామా అన్నీ సర్దుకొనే పోయాను. ఇంటికి గొళ్లెం పెట్టి ఉంది. పక్కింటామె చాటలో జొన్నలు చెరుగుతూ, "దానమ్మా? బావి కాడ ఉండాది. పో, నీకూ తగుల్తాయి తిట్లు" అన్నది. అయిపోయింది, కాలు నీళ్లలో పెట్టేసింది అనుకుంటూ పరుగెత్తాను.

బావి మెట్లు గనిరాతి బిళ్లలతో కట్టినవి, ఒక మనిషి దిగితే ఇంకొకరు ఒత్తిగిల్లాల్సినంత ఇరుకు. అట్టడుగున మురికిగా కొంచెం నీళ్లు. నీళ్లకు రెండు మెట్ల పైన, దారికి అడ్డంగా, కుడికాలు చాపుకొని కూర్చొని ఉంది దానమ్మ. కాలికి తడిగుడ్డ. గుడ్డ కింద పుల్ల పదిలంగా కట్టి ఉంది. పైమెట్టు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు కడవలతో నిలబడి ఉన్నారు.

"కాళ్లు చూపియ్యండి! రెండు కాళ్లూ! ఏయ్, చీర ఎత్తవే, నీ చీలమండ బంగారమా?"

ఒక్కొక్కరూ కాలెత్తి చూపించి, ఆమె పక్కనుంచి ఒత్తిగిల్లి దిగుతున్నారు. బొబ్బ ఉన్న ఆమెను పైనే నిలబెట్టి, ఆమె కడవ ఇంకొకరి చేత నింపించింది. కడవ మూతికి గుడ్డ కట్టి వడగట్టనిదే పైకి పోనివ్వడం లేదు. కాళ్లు చూపించి దిగాల్సిన బావి నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

నేను పక్కన కూర్చొని డ్రెస్సింగు విప్పాను. పురుగు తెగలేదు. పుల్ల మీద చుట్లు బుద్ధిగా, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.

"అక్కా, ఈ కాపలా ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

"ఎవరూ పెట్టమన్లా. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుంటే చెయ్యి పుల్ల మీదికే పోతాంది. ఇక్కడైతే మనుషుల్ని తిట్టే పని ఉండాది. చెయ్యి ఊరుకుంటాంది."

"నీళ్లకు ఇంత దగ్గర కూర్చుంటే కాలు పెట్టాలని ఆశ పుట్టదా?"

"పుట్టకేం? ప్రతి గడియా పుడతానే ఉండాది. అట్లని దూరం కూర్చుంటే వీళ్లనెవరు ఆపుతారు?"

చుట్టేటప్పుడు ఆమె పెదవులు కదిలాయి. ఏమనుకున్నావని అడిగాను. "ఏముండాది. 'ప్రభువా, ఈ పొద్దుకు ఇంతే' అంటా. రేపటిది కూడా అడిగితే ఆశ పుడతాది. ఆశ పుడితే చెయ్యి లాగతాది," అన్నది.

అదే వేళకు గొర్రెల మందతో ఓబయ్య వచ్చాడు. ఊళ్లో గొల్లల పెద్దాయన. గొర్రెలకు అంటూసొంటూ ఏముంది, పాలెం బావి పక్క తొట్టిలో తాగి పోయేవి. పైనుంచి తొంగిచూసి, "ఏందే దానమ్మా, బావికి కుక్కను కట్టేసినారంట గదా" అన్నాడు.

"అవును మామా, కరిచే కుక్కే. నీ కాళ్లు చూపియ్యి."

ఆయన నవ్వుతూ కర్ర ఆనించుకొని నిజంగానే ఒక్కో కాలూ ఎత్తి చూపించాడు. "ఓర్చినమ్మకు తేటనీళ్లని ఊరికే అన్లేదులే," అన్నాడు.

"తేటనీళ్ల సంగతి తర్వాత మామా. ముందు నా కాలు నాకిచ్చేయమని చెప్పు దేవునికి. నీ దేవునికి చెప్పినా సరే, నా దేవునికి చెప్పినా సరే."

ఇట్లా నవ్వుతూ గడిచిపోయి ఉంటే ఈ కథ చెప్పాల్సినంత కథ కాదు.

ఆ పాలెంలో సంఘపెద్ద యేసురత్నం. పాస్టరుగారు నెలకొకసారి వచ్చేవారు, మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేది ఈయనే. మంచి గొంతు. పాట ఎత్తుకుంటే గనిదాకా వినిపించేది. మనిషి చెడ్డవాడు కాదు, కానీ ప్రతిదానికీ తన దగ్గర జవాబు ఉందనుకునే రకం. నేను ఉండగానే ఒకరోజు దానమ్మను పరామర్శించడానికి వచ్చాడు. ప్రార్థన చేసి, గొంతు తగ్గించి, "దానమ్మా, దాచుకున్న పాపం ఏదన్నా ఉంటే ఒప్పేసుకో. ఒప్పుకుంటే పురుగు దానంతటదే ఒక్కరోజులో బయటికి వస్తాది" అన్నాడు.

"పాపముంటే నోట్లోంచి వస్తాది గానీ, కాల్లోంచి ఎందుకొస్తాది అన్నా?" అన్నది దానమ్మ.

నేను పక్కకు తిరిగి నవ్వుకున్నాను. ఆయన చిన్నబుచ్చుకొని వెళ్లిపోయాడు. ఆ ఆదివారం ఓర్పు మీద బ్రహ్మాండమైన ప్రసంగం చేశాడని, మధ్యమధ్యలో దానమ్మ వైపే చూశాడని కమల చెప్పింది.

గట్టిగా జవాబు చెప్పిందే గానీ ఆ మాట దానమ్మ లోపల ముల్లులా దిగింది. ఆ తర్వాత పోయినప్పుడు కాలు బాగా వాచి ఉంది, ఒళ్లు వెచ్చగా ఉంది. కొన్నాళ్లుగా పురుగు ఒక్క చుట్టు కూడా రాలేదట. ఆమె మొహం నల్లబడిపోయింది. కాపలా మాత్రం మానలేదు, అదే మెట్టు మీద ఉంది. కడవలవాళ్లు అందరూ పోయాక అడిగింది.

"నిజంగానే నాకు ఏదన్నా పాపం ఉండాదేమో నర్సమ్మా?"

"పురుగు నీళ్లలోంచి వచ్చింది అక్కా. ఆ నీళ్లు తాగితే చంటిబిడ్డకైనా వస్తుంది."

"మరి నేనింత మొత్తుకుంటాంటే ప్రభువు ఎందుకు ఊరుకోనుండాడు?"

శిక్షణలో నాకు చాలా నేర్పారు. దానికి జవాబు మాత్రం నేర్పలేదు. "నాకు తెలియదు," అన్నాను.

"తెలియదన్నావు, బాగుంది. తెలుసన్నోళ్లతోనే నాకు తంటా." కాసేపు నీళ్లకేసి చూసింది. తర్వాత చెయ్యి పుల్ల మీద వేసింది. "ఇంక నా వల్ల కాదు. లాగేస్తా. పోతే పోతాది."

నేను ఆ చెయ్యి మీద నా చెయ్యి వేశాను. బలంగా పట్టుకోలేదు. ఆమె రాళ్లు మోసిన మనిషి, విదిలించి కొడితే నేను బావిలో పడేదాన్ని. "ఈ పొద్దు చుట్టు లేదు అక్కా. నేనూ తిప్పను, నువ్వూ తిప్పొద్దు. వాపు దిగనియ్యి. కట్టు కట్టి ఊరుకుందాం," అన్నాను.

"ఒక్క చుట్టు కూడా లేదా?"

"లేదు."

అప్పుడు ఏడ్చింది. మంటకు ఏడవని మనిషి, ఒక్క చుట్టు కూడా లేదన్నందుకు చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఇద్దరం ఆ మెట్టు మీద కూర్చొని ఏడ్చాం. సూదులమ్మ గట్టితనం అంతా ఆ పూటకు ఏమైపోయిందో! చివరికి దానమ్మే ముక్కు తుడుచుకొని, "ప్రభువా, ఈ పొద్దుకు ఇంతే" అన్నది. చుట్టు లేని రోజు కూడా అదే మాట. జ్వరానికీ వాపుకూ మందు ఇచ్చి, బరువైన మనసుతో జట్కా ఎక్కాను.

తర్వాతి ట్రిప్పుకు పెందలాడే బయలుదేరాను. బావి దగ్గరికి పోయేసరికి గొడవ వినిపించింది. మెట్ల మీద యేసురత్నం, కింద దానమ్మ. పైన ఆడవాళ్లు కడవలు దించి చూస్తున్నారు. ఎప్పుడూ మడిచి కట్టే పంచ ఆయన ఆరోజు పాదాలు కప్పేలా దించి కట్టుకున్నాడు.

"కాళ్లు చూపియ్యి అన్నా."

"నాకేం చూపిచ్చేది? నేను సంఘపెద్దను. మొహం కడుక్కోని పోతా, దారియ్యి."

"మొహం కడుక్కునేదానికి చెంబు చాలు, ముంచిస్తా. దిగాలంటే కాళ్లు చూపియ్యాల."

"ఆడదానివి నాకు అడ్డం కూర్చుంటావా?"

"ఆడోళ్లకూ మగోళ్లకూ అందరికీ అడ్డమే కూర్చున్నా. నీకు కొత్తగా ఏం కాదు."

ఆయన ఇంకో మెట్టు దిగాడు. దిగేటప్పుడు పంచ తొలగింది. మడమ పక్కన పగిలిన బొబ్బ, తెల్లటి కొస. పైన ఆడవాళ్లు "అయ్యో" అన్నారు. దాచుకున్న పాపం ఉండబట్టే పురుగు అని ఆయన దానమ్మతో అన్న మాట అప్పటికే పాలెమంతా పాకింది; అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "గడ్డ అది. వట్టి సెగ్గడ్డ. ఒక్క నిమిషం నీళ్లలో పెట్టి తీస్తా," అన్నాడు.

దానమ్మ లేవలేదు. అప్పటిదాకా గోడవారగా ఒదిగించుకున్న కుడికాలును మెల్లగా జరిపి, ఆయన అడుగు పడబోయే చోట, మెట్టుకు అడ్డంగా చాపింది. పుల్ల కట్టిన వైపు పైకి.

"పో అన్నా. దీన్ని తొక్కి పో."

ఆయన కాలు ఆ పుల్ల మీద పడితే అంతే. ఆ వాపులో తెగితే ఆ కాలు మళ్లీ కాలు కాదు. కేక వేద్దామంటే, ఉలిక్కిపడి కాలు వేసేస్తాడేమోనని భయం. అప్పటికే ఆయన అడుగెత్తాడు. ఎత్తిన కాలు గాల్లోనే ఉంది. నీళ్లు రెండు మెట్ల కింద ఉన్నాయి. ఆయన వాటి వైపు చూశాడు, పుల్ల వైపు చూశాడు, చివరికి దానమ్మ మొహంలోకి చూశాడు.

కాలు వెనక్కి తీసుకొని అక్కడే మెట్టు మీద చతికిలబడ్డాడు. "మంట దానమ్మా," అన్నాడు. ఆ పెద్ద గొంతు సన్నగా వణికింది. "ఓర్చుకోలేకుండా ఉండా."

"తెలుసన్నా," అన్నది దానమ్మ. "నాకు తెలీదా? కూర్చో." పైకి తలెత్తి, "కమలా! మనింట్లో చెంబు తీసుకురా. నా వాటా నీళ్లు ఉండాయి గదా, అయ్యి," అని అరిచింది.

ఆయన్ను మెట్లెక్కించి బావికి దూరంగా తీసుకుపోయారు. దానమ్మ కుంటుకుంటూ వెనకే పోయి, తన తడిగుడ్డ కోసం దాచుకున్న నీళ్లు ఆయన కాలి మీద సన్నధారగా పోసింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. మూసిన కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. అప్పటికి నాకు నోరొచ్చింది. ఇద్దరికీ కలిపి తిట్లు మొదలుపెట్టాను. "తొక్కి పో అంటావా? నీకు బుద్ధుందా? ఆయన తొక్కి ఉంటే?" అన్నాను.

"తొక్కడని తెలుసు," అన్నది. చెంబు కింద పెట్టి, "తెలుసని కాదులే. తొక్కకూడదని మొక్కుకున్నా" అన్నది.

డ్రెస్సింగు మార్చడానికి ఆమె కాలు చేతిలోకి తీసుకున్నాను. వాపు సగం దిగింది. కొస పట్టుకొని మెల్లగా తిప్పితే, అన్నాళ్లూ మొండికేసిన పురుగు వదులుగా వచ్చింది. ఒక చుట్టు. ఇంకొకటి కూడా వచ్చేలా ఉంది. "ఆపు, ఆపు, ఇంక చాలు," అని దానమ్మే నా చెయ్యి పట్టుకుంది. మా ఇద్దరిలో నర్సు ఎవరో నాకు అనుమానం వచ్చింది.

ఆ ఆదివారం యేసురత్నం పంచ మడిచి కట్టి, పుల్ల కట్టిన కాలు అందరికీ కనబడేలా నిలబడ్డాడట. "నాకూ వచ్చింది. దానమ్మను నేనన్న మాట తప్పు," అని ఒక్క ముక్క చెప్పి పాట ఎత్తుకున్నాడట. ప్రసంగం లేదు. ఆ ఎండాకాలం అంతా ఆ మెట్ల మీద ఇద్దరు కాపలాదార్లు, రెండు అగ్గిపుల్లలు. పైమెట్టు ఆయనది, కిందిమెట్టు ఆమెది. ఆయన పాడేవాడు, ఆమె తిట్టేది. నీళ్లకొచ్చినవాళ్లు రెండూ వినేవాళ్లు.

పురుగు పూర్తిగా బయటికొచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. చివరి కొస జారి నా ఫోర్సెప్స్‌కు వేలాడింది. దానమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతేనా? నూలుపోగంత లేదు. దీనికా నేనింత ఏడ్చింది?" అన్నది. పొయ్యిలో మాత్రం తనే వేసింది. పుండు మానింది. చీలమండ బంతిలా తిరిగింది. వానలు పడే వేళకు మళ్లీ గనిలోకి దిగింది. డాక్టరమ్మ కాలు పరీక్షించి, నా వైపు తిరిగి, "నేను పందెం కాయలేదు, బతికిపోయాను" అన్నారు.

కానీ అసలు ఫలితం తెలియాలంటే ఏడాది ఆగాలి. ఈ జబ్బు లెక్క అది.

మరుసటి ఎండాకాలం ట్రే సర్దుకొని పాలేనికి పోయిన ప్రతిసారీ ముందు అందరి కాళ్లే చూసేదాన్ని. చుట్టుపక్కల పల్లెల్లో నారికురుపులు మొదలయ్యాయి. ఇక్కడ లేదు. ఒకరోజు ఒకాయన కాలు పట్టుకొని కుంటుతూ వచ్చాడు. నా పై ప్రాణం పైనే పోయింది. చూస్తే తుమ్మముల్లు. ముల్లు తీస్తూ నేను పకపకా నవ్వుతుంటే ఆయన నాకు పిచ్చెక్కిందనుకున్నాడు. ఎండలు ముదిరి, తగ్గుముఖం పట్టి, తొలకరి మబ్బులు కూడా వచ్చాయి. ఆ పాలెంలో ఆ ఏడు ఒక్క అగ్గిపుల్ల అవసరం పడలేదు. ఓబయ్య ఈ సంగతి విని, ఊళ్లో వాళ్ల బావి దగ్గర కూడా కాళ్లు చూపించే ఏర్పాటు చేయించాడు.

ఓర్పు అంటే నోరు మూసుకొని పడి ఉండటమని అప్పటిదాకా అనుకునేదాన్ని. మందిరంలో విన్నదీ అట్లాగే అర్థమైంది. దానమ్మ ఏ రోజూ నోరు మూసుకోలేదు. ఏడ్చింది, తిట్టింది, దేవుణ్ణి నిలదీసింది. అయినా ఆ మెట్టు దిగలేదు, పుల్ల వదల్లేదు, లాగలేదు. తన మంట పక్కవాళ్లకు అంటకుండా అడ్డం కూర్చుంది. తర్వాత నా సర్వీసులో, నా సొంత బతుకులో, ఇక కదలదు అనిపించిన రోజులు చాలా వచ్చాయి. "ప్రభువా, ఈ పొద్దుకు ఇంతే" అన్న మాట నాకు అన్నిసార్లూ సరిపోయింది.

ఆ మరుసటి ఏడే, తొలకరికి ముందు, ఆ ఎండాకాలపు నా చివరి ట్రిప్పు రోజున, దానమ్మ బావి దగ్గర కనిపించింది. ఖాళీ కడవ పట్టుకొని పైమెట్టు మీదే నిలబడి ఉంది.

"దిగవేం అక్కా? పుండు మాని ఎన్నాళ్లయింది, దిగొచ్చని అప్పుడే చెప్పినా గదా."

"చెప్పినావు. ఇంకోటి లోపల దాక్కోనుంటే? ఏడాది చూస్తే గానీ తెలీదన్నావు గదా. కమల చేతే ముంచుకుంటాండా." కొంచెం సిగ్గుపడుతూ నా వైపు చూసింది. "ఏడాది అయిపోయింది గదా నర్సమ్మా. ఇంక దిగొచ్చునా?"

ఏడాదిపాటు తన బావిలో తను కాలు పెట్టలేదు ఆ మనిషి! "దిగు," అన్నాను.

బిగుసుకున్న ఎడమకాలు ముందు వేస్తూ, గోడ పట్టుకొని ఒక్కో మెట్టూ దిగింది. తను కూర్చున్న మెట్టు దాటింది. నీళ్ల అంచున ఒక్క క్షణం ఆగింది.

పైనుంచి యేసురత్నం గొంతు వినిపించింది. "దానమ్మా! కాళ్లు చూపియ్యకుండానే దిగతాండావే?"

అందరూ గొల్లుమన్నారు. దానమ్మ కూడా నవ్వుతూ, గోడకు ఆనుకొని కుడికాలెత్తి ఆయనకు చూపించింది. అటు తిప్పి ఇటు తిప్పి, పైనున్న అందరికీ కనబడేలా చూపించింది. తర్వాత ఆ కాలు మెల్లగా నీళ్లలో పెట్టి, కళ్లు మూసుకుంది.

"చల్లగా ఉండాయి నర్సమ్మా," అన్నది.